చీకటి వైపు కాడ

పదకొండో నెల ఇరవై ఆరో తేదీ, ఉదయం ఐదూ నలభై. మొదటి వరసలోని నూట ఎనభై నాలుగు చేమంతి బుట్టలూ కాలువ వైపు వాలి ఉన్నాయి. బాట మీద నిలబడి చూసేవాళ్ళకి మొగ్గలు కనపడలేదు. ఆకుల అడుగు కనపడింది.

మొదట చూసింది థామ్. మా మరిది తిన్ భార్య. రోజూ ఆ వేళకి ఫోను పట్టుకుని బాట మీదకి వచ్చి, తోటని చూపిస్తూ మాట్లాడుతుంది. నలభై వేల మంది చూస్తారు. ఆ రోజు ఫోను దించి, "అక్కా, ఇవన్నీ నాకు వీపు తిప్పుకున్నాయేంటి?" అని కేకేసింది. నేను ఏడో వరస దగ్గర తొడల దాకా నీళ్ళలో ఉన్నాను. మా సాడెక్ ఊళ్ళో పూల బల్లలు నీళ్ళ మీదే నిలబడతాయి, బుట్ట దగ్గరికి వెళ్ళాలంటే దిగాల్సిందే. కేక వినపడింది. వినపడనట్టు ఇంకో బుట్ట తిప్పాను.

అవి ఎందుకు వాలాయో నాకు తెలుసు. పద్నాలుగు రోజులుగా నేను వాటిని తిప్పలేదు.

నా పేరు దియెప్. ఇంట్లో ఎవరూ అలా పిలవరు. హాయ్ అంటారు. అది ఇంటి పెద్దకొడుకు వరస పేరు, మా ఆయన ఖాంగ్‌ది. పెళ్ళితో నాకూ వచ్చింది. మా వైపు కోడళ్ళందరికీ ఇంతే. నేను దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు, నాలుగేళ్ళ కిందట థామ్ కాపురానికి వచ్చేదాకా. ఆచారం ప్రకారం ఆమెని ఉట్ అనాలి, కడగొట్టు అని. వారం రోజులు అన్నారు. తర్వాత ఆమె ఫోనులో 'థామ్ పూలతోట' అని పేజీ పెట్టింది. ఎక్కడెక్కడి వాళ్ళో థామ్ ఇల్లెక్కడ అని అడుగుతూ రావడం మొదలుపెట్టారు. ఇంట్లో కూడా థామ్ అయిపోయింది. అత్తగారు "థామ్" అని పిలిచినప్పుడల్లా నేను చేస్తున్న పని ఆపి వింటాను. ఆ పిలుపులో నాకు కావలసింది ఏమీ లేదు. అయినా వింటాను.

మొక్క నాటే చేయి మా దగ్గర రెండు రకాలు. చల్లని చేయి, వేడి చేయి. చల్లని చేయి నాటింది బతుకుతుంది. పంతొమ్మిదేళ్ళ కిందట, నేను కోడలిగా వచ్చిన ఏడాది ఆరో నెలలో, అత్తగారు నా చేత నలభై మొక్కలు నాటించారు. పదకొండు రోజుల్లో నలభయ్యీ చచ్చిపోయాయి. ఆ ఏడాది పక్కతోటలో కూడా వేరుకుళ్ళు వచ్చింది. అక్కడ మూడొందలు పోయాయి. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. "దీని చేయి వేడి, మొక్కని ముట్టుకోనివ్వకండి," అన్నారు అత్తగారు. మొక్కని ముట్టుకోకుండా చేయగల పని తోటలో ఒక్కటే ఉంది, బుట్ట తిప్పడం. అది నాకు వచ్చింది. ఎవరూ ఇవ్వలేదు, మిగిలింది. థామ్ వచ్చిన ఏడాది ఆమె చేత నాటించారు. ఒక్కటీ చావలేదు. అప్పటి నుంచీ ఏటా మొదటి మొక్క ఆమె నాటాలి, మిగతావాళ్ళు తర్వాత. నేను బాట మీద నిలబడి చూడవచ్చు.

ఏడు వరసలు, వెయ్యీ రెండొందల నలభై బుట్టలు. మూడు రోజులకొకసారి ప్రతి బుట్టనీ పావు వంతు తిప్పాలి, ఎప్పుడూ కుడి చేతి వైపే. రోజుకి నాలుగొందల పైన. వెదురు అంచు రెండు చేతులతో పట్టుకుని, ఎత్తి, తిప్పి, దించాలి. ఎనిమిదో నెల నుంచి టెట్ పండగ దాకా, అంటే చాంద్రమానంలో మా కొత్త ఏడాది దాకా. తిప్పకపోతే గుబురు ఒక పక్కకి వాలుతుంది, వాలిన చేమంతిని పండక్కి గుమ్మంలో ఎవరూ పెట్టుకోరు. సాయంత్రం కాలివేళ్ళ సందుల్లో పటిక రాసుకుంటాను. ఎవరైనా మీ ఆవిడేం చేస్తుంది అని అడిగితే మా ఆయన "ఇంట్లోనే ఉంటుంది" అంటాడు. ఒకసారి ఆ మాట అన్నప్పుడు నేను ఆయనకి ఆరడుగుల దూరంలో, నీళ్ళలో ఉన్నాను.

తొమ్మిదేళ్ళ కిందట వ్యవసాయ శాఖ నుంచి ఒకాయన వచ్చి మా ఇంటి ముందు పాఠం చెప్పారు. ఇరవై రెండు కుర్చీలు వేశారు, ఇరవై రెండింటిలో మగవాళ్ళు కూర్చున్నారు. నేను టీ పోశాను. రెండోసారి, మూడోసారి కూడా పోశాను, పాఠం అయ్యేదాకా అక్కడ ఉండొచ్చని. ఆయన చెప్పింది ఇది: కాడకి ఒక పక్కనే వెలుతురు పడితే, రెండో పక్క, అంటే చీకటి పక్క, ఎక్కువ సాగుతుంది. సాగిన పక్క తోస్తుంది. కాడ వెలుతురు వైపు వంగుతుంది. చూసేవాళ్ళకి పువ్వే వెలుతురుని వెతుక్కుంటూ వెళ్ళినట్టు ఉంటుంది కానీ, వంచేది చీకటి పక్క. కుర్చీల్లో ఒకరు ఆవలించారు. నేను టీ కూజా పట్టుకుని నిలబడిపోయాను. పావు వంతు తిప్పాలన్న సంగతి ఆయన చెప్పలేదు. అది అంతకుముందే నేను చెడగొట్టిన బుట్టల దగ్గర నేర్చుకున్నాను. మొదట్లో ఒకేసారి సగం తిప్పేదాన్ని, అలా తిప్పితే కాడ వెనక్కి మెలిపడుతుంది. ఏ బుట్ట ఎంత తిరిగిందో గుర్తుకి ప్రతి అంచుకీ నా పాత చొక్కాల గుడ్డ పీలిక కట్టాను. పీలిక కాలువ వైపు ఉంటే మొదటి తిప్పు, గుడి వైపు ఉంటే రెండోది. పోయిన ఏడాది థామ్ ఆ పీలికలని ఫోనులో చూపించి, "ఇవి మా అత్తగారు దృష్టి తగలకుండా కట్టించినవి," అని చెప్పింది. ఆమెకి తెలియక చెప్పిందని నాకు తెలుసు. ఆ రాత్రి అన్నం వండుతూ ఆ వీడియో ఆరుసార్లు చూశాను.

పదకొండో నెల పన్నెండున ఏం జరిగిందంటే, పెంపకందార్ల సంఘం నుంచి కబురు వచ్చింది. ఈసారి మా పేట నుంచి ఒక్కరిని ఎంచుతారు, పూలపేట మొదట్లో బోర్డు మీద ఫొటో, పేరు వేసి 'తోట నేర్పరి' అని రాస్తారు. మా ఇంటి నుంచి ఒక పేరు ఇమ్మన్నారు. అందరం భోజనాల దగ్గర ఉన్నాం. ఖాంగ్ తల ఎత్తకుండానే థామ్ పేరు ఇద్దాం, ఆమె మొహం అందరికీ తెలుసు అన్నాడు. అత్తగారు సరే అన్నారు. తిన్ నవ్వుతూ, "వదిన పేరిస్తే బోర్డు కూడా వాడిపోద్ది, వేడి చేయి కదా," అన్నాడు. అందరూ నవ్వారు. థామ్ కూడా నవ్వింది, నా మొహం చూసి మధ్యలో ఆపింది. నేను చేపల పులుసు వడ్డిస్తున్నాను. నేనూ నవ్వాను.

పడుకునే ముందు ఖాంగ్‌తో అన్నాను, బుట్టలు తిప్పేది నేను కదా అని.

"తిప్పడం కూడా ఒక పనేనా?" అన్నాడు. "గాలి కూడా తిప్పుద్ది."

మర్నాడు నీళ్ళలోకి దిగి రెండో వరస నుంచి మొదలుపెట్టాను. మొదటి వరస థామ్ వరస. బాట పక్కన ఉంటుంది, వచ్చేవాళ్ళు ఫొటోలు దిగేది దాని ముందే. ఏడో నెలలో ఆమె కోసం తిన్ ఆ బాట మీద రేకుల చావడి వేశాడు. దానితో ఆ వరసకి బాట వైపు వెలుతురు పోయింది, కాలువ వైపు నుంచే వస్తుంది. అందరికంటే ఎక్కువ తిప్పుడు కావలసిన వరస అదే. నేను రోజూ దాని పక్క నుంచే నడిచాను, చేయి వేయలేదు. నాలుగో రోజుకి మొగ్గల గుబుర్లు కొంచెం కదిలాయి. వేరేవాళ్ళకి తెలియదు, నాకు తెలుసు. ఎనిమిదో రోజుకి బుట్ట అంచుకీ ఆకులకీ మధ్య నా అరచేయి పట్టింది. ఏ మాట దాచినా ఈ మాట దాచను: ఆ పద్నాలుగు రోజులూ నాకు నిద్ర బాగా పట్టింది.

ఇరవై ఆరున థామ్ కేకకి అందరూ బాట మీదకి వచ్చారు. తిన్ గాలి అన్నాడు. ఖాంగ్ ఎరువు ఎక్కువైందన్నాడు. అత్తగారు ఇంట్లో భూదేవుడి బొమ్మ ఉన్న మూలకి వెళ్ళి, అరటిపండ్లు మార్చి, గిన్నెడు కాఫీ పెట్టి, అగరొత్తులు ముట్టించి వచ్చారు. వచ్చి వరసని ఇంకోసారి చూశారు. చేయి నుదుటికి అడ్డం పెట్టుకుని రెండో వరసని చూశారు. అది నిటారుగా ఉంది. మూడోదీ అంతే.

"హాయ్," అని పిలిచారు. "ఈ వరస తిప్పలేదా?"

పంతొమ్మిదేళ్ళలో ఆ ఇంట్లో ఆ పని గురించి నన్ను ఎవరైనా అడగడం అదే మొదటిసారి.

"లేదత్తమ్మా," అన్నాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పద్నాలుగు రోజులు."

పువ్వులు నిటారుగా ఉన్నన్నాళ్ళూ అది థామ్ చేయి. వాలిన గంటలోపే అది నా చేయి అయింది. ఖాంగ్ నా దగ్గరికి వచ్చి, నలుగురికీ వినపడేలా, "నీకు కుళ్ళు," అన్నాడు.

"అవును," అన్నాను.

ఆయన దానికి సిద్ధంగా లేడు. కాదని ఏడుస్తాననుకున్నాడు. బుట్ట తిప్పడానికి ఇంత బెట్టా అన్నాడు. అయితే మీరు తిప్పండి అన్నాను. పంతం కొద్దీ ప్యాంటు మడిచి దిగాడు. నూట ఎనభై నాలుగు బుట్టలనీ ఒక్కొక్కదాన్ని సగానికి తిప్పాడు, మొగ్గలు బాట వైపు వచ్చేలా. గంటన్నరలో అయిపోయింది. పైకి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "చూశావా, దీనికి పద్నాలుగు రోజులంట," అన్నాడు. సగం తిప్పకూడదని నాకు తెలుసు. చెప్పలేదు. థామ్ ఆ సాయంత్రం వరస ముందు వీడియో తీసింది. బాగుంది.

పన్నెండో నెల ఒకటిన అవి మళ్ళీ కాలువ వైపు తిరిగాయి. ఈసారి కాడ అడుగున ఒక వంపు, పైన దానికి ఎదురు వంపు. గుబుర్లు మధ్యలో విడిపోయి, దువ్వెన పాపిట తీసినట్టు కాడలు కనపడుతున్నాయి. సంఘం వాళ్ళు తోట చూడటానికి వచ్చేది పదమూడున. పన్నెండు రోజులుంది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో అందరూ కునుకు తీస్తుంటే థామ్ నీళ్ళలోకి దిగింది. పూలపూల పైజమా, మోకాళ్ళ దాకా మడిచింది, నీళ్ళు తొడల దాకా వచ్చాయి. ఆమె దిగడం నేను అంతకుముందు చూడలేదు. ఐదో వరస దగ్గర నా పక్కకి వచ్చి నిలబడింది.

"ఎటు తిప్పాలక్కా?" అంది.

మూడు బుట్టలు తిప్పాను. ఆమె నా చేతులనే చూసింది. తర్వాత తనే మాట్లాడింది. చల్లని చేయి, గిల్లని చేయి తనకేం తెలియదంది. నాటిన ఏడాది వర్షాలు బాగున్నాయి, అంతే. పేజీ పాస్‌వర్డ్ తిన్ దగ్గర ఉందంది, ఏ చొక్కా వేసుకోవాలో, ఎక్కడ నవ్వాలో కూడా అతనే చెబుతాడట. పోయిన నెల జ్వరం వచ్చినా నవ్వించాడట. "మొహం పాడైన రోజున నన్ను కూడా ఉట్ అంటారు," అంది.

అది విన్నాక నా కుళ్ళు తగ్గిందని చెబితే అబద్ధం అవుతుంది. ఆమె మాట్లాడుతున్నంతసేపూ నేను తేరుకున్న నీళ్ళలోంచి ఆమె కాళ్ళని చూశాను. వేళ్ళ సందులు తెల్లగా, పుండు లేకుండా ఉన్నాయి. పేరు పోతుందని భయపడటానికి ముందు పేరుండాలి కదా అనుకున్నాను. కానీ ఆ వరస అలా మెలిపడి ఉండటం నాకు పడటం లేదు. నాలుగు రోజులుగా దాని పక్క నుంచి తల తిప్పుకుని వెళుతున్నాను. బుట్టలు చేసిన తప్పేమీ లేదు.

"నేర్పిస్తాను," అన్నాను. "ఒక్క మాట ఇవ్వాలి. ఎవరు తిప్పుతారని అడిగినవాళ్ళకి నా పేరు చెప్పాలి. హాయ్ అని కాదు. పేరు."

"దియెప్ అక్క," అంది థామ్. నాలుగేళ్ళలో మొదటిసారి. "అడిగితే చెబుతాను. ఒట్టు."

పన్నెండు రోజులు ఇద్దరం తిప్పాం. మొదటి వరసకి మూడు రోజులు ఆగలేదు, రోజూ పావు. మెలి పోలేదు, మెలి పోదు కూడా. పక్క కొమ్మల మొగ్గలు లేచి దాన్ని కప్పాయి. తొమ్మిదో రోజుకి పాపిట మూసుకుంది. థామ్ మొదట ఎడమకి తిప్పింది, రెండు బుట్టలు జార్చింది, జలగ పట్టుకుంటే అరిచింది. తర్వాత నేర్చుకుంది. త్వరగానే నేర్చుకుంది. నాకు ఐదేళ్ళు పట్టిన సంగతి ఆమెకి ఐదు రోజులు పట్టింది, చెప్పేవాళ్ళు ఉన్నారు కాబట్టి. దానికి కూడా కుళ్ళుకున్నాను.

పదమూడో తేదీ ఉదయం తొమ్మిదింటికి సంఘం కార్యదర్శి బే గారు, ఇంకో ఇద్దరు వచ్చారు. మొదటి వరస చివరి దాకా నడిచారు. గుబుర్లు గుండ్రంగా ఉన్నాయి, మొగ్గలు విచ్చుతున్నాయి. అత్తగారు కొత్త చొక్కాలో ఉన్నారు. ఖాంగ్, తిన్ సిగరెట్లు ఇచ్చారు. నేను టీ తెచ్చాను. బే గారు ఒక బుట్ట దగ్గర వంగి, మొదలు పట్టుకుని చూశారు. రేకుల నీడలో ఉన్న వరస ఇంత నిటారుగా ఎలా ఉంది, ఎవరు చూసుకుంటారు అని అడిగారు.

"నేను కాదు సార్," అంది థామ్. "మా అక్క. దియెప్ అక్క తిప్పుతుంది, పంతొమ్మిదేళ్ళుగా. ఈ పీలికలు ఆమె కట్టినవే. నాక్కూడా ఆమే నేర్పింది."

నా చేతిలో పళ్ళెం ఉంది. బే గారు నా వైపు చూశారు. అప్పుడు అత్తగారు నవ్వారు.

"చూశారా అణకువ. అన్నీ ఎదుటివాళ్ళకి పెట్టేస్తుంది. చేయి చల్లన, మనసూ చల్లన."

బే గారు కూడా నవ్వారు. ఇంత పేరొచ్చాక కూడా తోటికోడలిని తలుచుకునేవాళ్ళు ఈ రోజుల్లో లేరన్నారు. ఖాంగ్ అవునన్నాడు. థామ్ రెండోసారి, "నిజం సార్, ఆమే," అంది. ఇంకా నవ్వారు. బే గారు కాగితం మీద థామ్ పేరు రాశారు. నా చేతిలోంచి టీ గ్లాసు తీసుకుంటూ, అదృష్టవంతురాలివమ్మా, మంచి చెల్లెలు దొరికింది అన్నారు.

ఆమె మాట తప్పలేదు. నిజం చెప్పింది, రెండుసార్లు చెప్పింది. నిజం చెప్పిన మంచిపేరు కూడా ఆమెకే వచ్చింది. ఆమె అబద్ధం చెప్పి ఉంటే నాకు కోపం మిగిలేది, దానితో ఒక టెట్ గడిపేదాన్ని. ఆ రోజు అది కూడా లేదు. గ్లాసులు కడిగి బోర్లించాను. వెళ్ళి ఆ రోజు తిప్పాల్సిన ఐదో వరస తిప్పాను.

ఇరవయ్యో తేదీన పూలపేట మొదట్లో బోర్డు పెట్టారు. ఫొటోలో థామ్ మొదటి వరస ముందు నిలబడి ఉంది. కుడి పక్క మూలలో బుట్ట అంచు కనిపిస్తుంది, దానికి కట్టిన నా పచ్చచొక్కా పీలిక కూడా. టెట్‌కి ముందు రోజుకల్లా బుట్టలన్నీ అమ్ముడై వెళ్ళిపోయాయి. వెళ్ళేముందు ప్రతి బుట్టకీ పీలిక విప్పాను. థామ్ సాయం వస్తానంటే వద్దన్నాను.

ఆరో నెల నాలుగున నాటు మొదలైంది. అత్తగారు అగరొత్తులు ముట్టించారు, థామ్ మొదటి మొక్క నాటింది. నేను బాట మీద నిలబడలేదు. ఏడో వరస వెనక, పంపు దగ్గర, పాత బల్ల ఒకటి ఖాళీగా ఉంటుంది. దాని మీద నలభై బుట్టలు పెట్టుకున్నాను. ఊక, బూడిద, కొబ్బరిపీచు ముందురోజే కలిపి ఉంచాను. కూర్చుని నాటడం మొదలుపెట్టాను. పన్నెండో మొక్క దగ్గర అత్తగారు చూశారు.

"హాయ్, ముట్టుకోకు. చస్తాయి."

"చస్తే నావే చస్తాయి, అత్తమ్మా."

ఖాంగ్ వచ్చాడు. ఇదేం కొత్త పిచ్చి అన్నాడు. ఎనిమిదో నెల నుంచి నేను ఈ నలభయ్యే తిప్పుతానని చెప్పాను.

"మరి మిగతా వరసలు?"

"థామ్‌కి వచ్చు," అన్నాను. "మీకూ వచ్చు. గాలికి కూడా వచ్చన్నారు కదా."

ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. థామ్ మూడో వరస దగ్గర చేతిలో మొక్కతో ఆగి మా వైపు చూస్తోంది. నేను పదమూడో మొక్క నాటాను. నలభయ్యోది నాటేసరికి పదకొండున్నర అయింది.

పదకొండు రోజుల తర్వాత, పదిహేనో తేదీ ఉదయం ఐదూ నలభైకి లెక్కపెట్టాను. నలభైలో ముప్పై తొమ్మిది బతికి ఉన్నాయి.